ఒకే హీమ్, మూడు దారులు

ప్లూరోటస్ ఎరింజీ అనే పుట్టగొడుగు తాను పెరిగే వేళ్లలోకి, గడ్డిలోకి ఒక ఎంజైమ్‌ను వదులుతుంది. దాని పేరు వర్సటైల్ పెరాక్సిడేజ్. అది దేని మీద పనిచేస్తుందో రాసుకుంటూ పోతే, ఆ జాబితాలో ఒకదానికీ మరొకదానికీ పొంతన కుదరదు. మాంగనీస్ అయాన్ ఉంది. అది ఒక్క పరమాణువు. వెరాట్రైల్ ఆల్కహాల్ ఉంది; ఒకే బెంజీన్ వలయం ఉన్న చిన్న అణువు. రియాక్టివ్ బ్లాక్ 5 అనే అద్దకపు రంగు ఉంది. అది ఎన్నో వలయాలతో పొడవుగా సాగిన పెద్ద అణువు. చివరికి లిగ్నిన్ కూడా ఉంది. చెట్టుకూ గడ్డికీ బిగువునిచ్చే మహా అణువు అది. ఎంజైమ్ లోపలికి దూరడం అనే మాటే దాని విషయంలో పుట్టదు.

ఎంజైమ్‌కూ అది పనిచేసే పదార్థానికీ ఉన్న సంబంధాన్ని 1894లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఎమిల్ ఫిషర్ తాళంతో, తాళంచెవితో పోల్చాడు. మన పాఠ్యపుస్తకాల్లోనూ ఆ పోలికే ఉంటుంది. అలాంటప్పుడు ఇన్ని ఆకారాలు ఒకే ఎంజైమ్‌కు ఎలా ఒప్పుతున్నాయి? పనిచేసే గుంట వదులుగా, వెడల్పుగా ఉండి ఉంటుందని మొదట తోస్తుంది. కానీ నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఆ గుంట ఇరుకైనదని తెలుస్తుంది. ఇంత విస్తృతి ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే, ఆ ప్రోటీన్‌లో ఏ అమైనో ఆమ్లం ఎక్కడ కూర్చుందో, ఎంత దూరంలో కూర్చుందో లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. ఆ లెక్కలో కనిపించే పనితనం గురించే ఈ వ్యాసం.

ముందు లిగ్నిన్ సంగతి చూడాలి. దాని మొండితనం తెలియకపోతే ఈ ఎంజైమ్ గొప్పతనం తెలియదు. గడ్డిలో, చెక్కలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సెల్యులోజ్. అది గ్లూకోజ్ ముక్కలు ఒకే రకం బంధంతో వరసగా కలిసిన గొలుసు. ఆ ఒక్క బంధాన్ని నీటి సాయంతో తెంపే ఎంజైమ్ ఉంటే చాలు, గొలుసు విడిపోతుంది. లిగ్నిన్ అలా తయారు కాదు. మొక్క మూడు రకాల ఆరోమాటిక్ ఆల్కహాళ్లను రాడికల్స్‌గా, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులుగా, మార్చి వదిలేస్తుంది. అవి ఎక్కడ తగిలితే అక్కడ అతుక్కుంటాయి. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య కొన్ని బంధాలు, కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య మరికొన్ని. ఏ రెండు లిగ్నిన్ ముక్కలూ ఒకేలా ఉండవు. ఇలాంటి పదార్థానికి సరిగ్గా సరిపోయే గుంటను ఏ ప్రోటీనూ చెక్కుకోలేదు. నీటితో తెగే బంధాలూ అందులో పెద్దగా లేవు.

మిగిలింది ఒకటే ఉపాయం: ఆరోమాటిక్ వలయం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగెయ్యడం. ఎలక్ట్రాన్ పోయిన వలయం నిలకడ కోల్పోతుంది. ఆపైన దాని చుట్టూ ఉన్న బంధాలు వాటంతట అవే తెగుతాయి. అయితే ఆ ఎలక్ట్రాన్ అంత తేలిగ్గా ఊడి రాదు. ఫినాల్ సమూహం ఉన్న భాగాలు కాస్త మెత్తన. కానీ లిగ్నిన్‌లో అధిక భాగం ఫినాల్ కానిది. ఆ భాగానికి నమూనాగా తీసుకునే వెరాట్రైల్ ఆల్కహాల్ నుంచి ఎలక్ట్రాన్ లాగాలంటే సుమారు 1.4 వోల్టుల శక్మం కావాలి. ఇదే బూజుజాతుల్లో (పుట్టగొడుగులూ ఆ కోవలోవే) ఉండే లాకేజ్ అనే రాగి ఎంజైమ్ ఎంత బలమైనదైనా 0.8 వోల్టుల దగ్గర ఆగిపోతుంది.

అంత బలంగా లాగగలిగేది హీమ్. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే వలయమే ఇక్కడా ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు ఒకటి వచ్చి హీమ్ మధ్యనున్న ఇనుమును తాకితే, హీమ్ ఒక్కసారిగా రెండు ఎలక్ట్రాన్లు కోల్పోతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి అది ఎక్కడి నుంచైనా రెండు ఎలక్ట్రాన్లు తీసుకోవాలి, ఒకసారి ఒకటి చొప్పున. పెరాక్సిడేజ్‌లన్నీ చేసేది ఇంతే. చిక్కంతా ఒకచోటే ఉంది. ఇంత ఆకలితో ఉన్న హీమ్‌ను బయట పెడితే తన ప్రోటీన్‌నే పాడుచేసుకుంటుంది. లోపల దాచిపెడితే లిగ్నిన్ దాన్ని చేరలేదు.

ఈ చిక్కుకు తొలి జవాబులు 1983లో అమెరికాలో దొరికాయి. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లాబొరేటరీలో మింగ్ టియెన్, కెంట్ కర్క్; ఒరెగాన్‌లో మైకేల్ గోల్డ్ బృందం. రెండు బృందాలవారూ ఫనెరోకీటీ క్రైసోస్పోరియం అనే తెల్లకుళ్లు బూజు నుంచి లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను పట్టుకున్నారు. మరుసటి ఏడాదే గోల్డ్ బృందం అదే బూజులో మాంగనీస్ పెరాక్సిడేజ్‌ను కూడా చూపింది. మొదటిది వెరాట్రైల్ ఆల్కహాల్ వంటి గట్టి వలయాల మీద పనిచేస్తుంది, మాంగనీస్‌ను పట్టించుకోదు. రెండోది మాంగనీస్‌ను మాత్రమే తీసుకుంటుంది. పనులు రెండు, ఎంజైమ్‌లు రెండు. లెక్క సరిపోయిందనిపించింది.

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఆంగెల్ మార్తీనెస్, మరియా హెసూస్ మార్తీనెస్ బృందం గోధుమ గడ్డిలోని లిగ్నిన్‌ను మాత్రమే ఏరి తీసేసే పుట్టగొడుగు కోసం చూస్తూ ప్లూరోటస్ ఎరింజీని ఎంచుకుంది. మధ్యధరా తీరాల్లో ముళ్ల మొక్కల వేళ్ల మీద పెరిగే ఈ పుట్టగొడుగు అక్కడివాళ్లకు ఇష్టమైన తిండి. మన దగ్గర నరికి నానబెట్టిన వరిగడ్డిని సంచుల్లో కూరి పెంచే ఆయిస్టర్ పుట్టగొడుగులు దీనికి దగ్గర చుట్టాలు. వాటిలో ఒకటైన ప్లూరోటస్ ఆస్ట్రియేటస్‌లోనూ ఈ కుటుంబపు ఎంజైమ్‌లు ఉన్నాయి. ఎరింజీ నుంచి శుద్ధి చేసిన పెరాక్సిడేజ్ మొదట మాంగనీస్ పెరాక్సిడేజ్‌లాగే కనిపించింది. తీరా చూస్తే మాంగనీస్ లేకపోయినా అది పనిచేస్తోంది. వెరాట్రైల్ ఆల్కహాల్‌నూ ఆక్సీకరిస్తోంది. 1999లో సుసానా కమరెరో, ఫ్రాన్సిస్కో హవియెర్ రూయిస్-డుయెన్యాస్ తదితరుల పరిశోధన పత్రాలు దీన్ని కొత్త రకంగా స్థిరపరిచాయి. అమెరికాలో రెండు ఎంజైమ్‌లు విడివిడిగా చేస్తున్న పనులు ఇక్కడ ఒకే ప్రోటీన్‌లో ఉన్నాయి.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. మూడొందల పైచిలుకు అమైనో ఆమ్లాల గొలుసు ముడుచుకుని గుండ్రటి ముద్దగా ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సర్పిలాకారపు చుట్టలే. నాలుగు గంధకపు వంతెనలు, రెండు కాల్షియం అయాన్లు ఆ ముద్దను విడిపోకుండా పట్టి ఉంచుతాయి. మధ్యలో హీమ్. గోదావరి జిల్లాల పాత మండువా లోగిలిని తలచుకుంటే ఈ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. నడిమధ్య ఆకాశానికి తెరుచుకున్న మండువా ఒక్కటే. వాన నీరు అన్ని వైపుల కప్పుల మీంచీ అక్కడికే చేరుతుంది. ఎంజైమ్‌లో ఎలక్ట్రాన్లన్నీ చేరేది హీమ్‌కే. వచ్చే దారులు మాత్రం మూడు.

ఒక దారి సన్నని సొరంగం. హైడ్రోజన్ పెరాక్సైడ్ హీమ్‌ను చేరేది దీని గుండానే. అంత చిన్న అణువుకు సరిపడే వెడల్పు తప్ప ఈ సొరంగానికి ఎక్కువ లేదు. దీని నోటి దగ్గర కొన్ని తేలికైన పదార్థాలు, కొన్ని ఫినాళ్లు, హీమ్ అంచుకు చేరువై ఎలక్ట్రాన్ ఇవ్వగలవు. కానీ ఇక్కడ పని మందకొడిగా జరుగుతుంది. 2012లో మాడ్రిడ్ బృందం ఈ సంగతిని విడమరచి చూపింది. ఒకే పదార్థం ఒకే ఎంజైమ్ మీద రెండు వేగాలతో పనిచేయడం చాలాకాలం అంతుపట్టని విషయంగా ఉండేది. అది రెండు చోట్ల నుంచి ఎలక్ట్రాన్ ఇస్తోందని, సొరంగం నోటి దగ్గర నెమ్మదిగా, మరోచోట వేగంగా ఇస్తోందని తేలింది. ఆ మరోచోటు సంగతికి తర్వాత వస్తాను.

రెండో దారి మాంగనీస్‌ది. హీమ్ వలయానికి ప్రొపియొనేట్ అనే రెండు తోకలుంటాయి. వాటిలో ఒకదాని పక్కన ఉపరితలానికి దగ్గరగా మూడు ఆమ్ల అవశేషాలు ఒకచోట చేరాయి: 36వ స్థానంలో గ్లుటమేట్, 40లో గ్లుటమేట్, 175లో ఆస్పర్టేట్. మూడూ రుణావేశం ఉన్నవి. ధనావేశం ఉన్న మాంగనీస్ అయాన్‌ను అవి పట్టుకుంటాయి. మాంగనీస్ నుంచి ఎలక్ట్రాన్ ఆ తోక మీదుగా నేరుగా హీమ్‌లోకి పోతుంది. 2007 నాటి స్ఫటిక చిత్రాల్లో ఒక ముచ్చటైన విషయం బయటపడింది. మాంగనీస్ లేనప్పుడు రెండు గ్లుటమేట్ల చివర్లు బయటికి తిరిగి ఉంటాయి. మాంగనీస్ రాగానే లోపలికి మళ్లి దాన్ని పొదువుకుంటాయి. పని కాగానే వదిలేస్తాయి.

మాంగనీస్ ఇక్కడికి లిగ్నిన్ కోసమే వస్తుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న మాంగనీస్‌ను ఆక్సలేట్ అనే చిన్న ఆమ్లం పట్టుకుని దూరంగా మోసుకుపోతుంది. ఆ ఆక్సలేట్‌ను కూడా బూజే తయారుచేసి వదులుతుంది. ఎంజైమ్ స్వయంగా దూరలేని గడ్డి కణగోడల సందుల్లోకి మాంగనీస్ వెళ్లి, దారిలో తగిలిన ఫినాల్ భాగాల నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది. తాజా గడ్డి కణగోడలో ప్రోటీన్ పట్టే రంధ్రాలుండవు. కాబట్టి మొదట పంపాల్సింది ఇంత చిన్న వస్తువునే. ఆ అవసరాన్ని ఈ మూడు ఆమ్లాల గూడు తీరుస్తోంది.

మూడో దారి దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఈ ఎంజైమ్ పనితనమంతా నాకు అక్కడే పోగుపడినట్టు కనిపిస్తుంది.

164వ స్థానంలో ఒక ట్రిప్టోఫాన్ ఉంది. ట్రిప్టోఫాన్ పెద్ద జంట వలయాలున్న అమైనో ఆమ్లం. నీటిని తప్పించుకుని ప్రోటీన్ లోపల ఒదిగి ఉండటం దాని మామూలు స్వభావం. ఇక్కడ మాత్రం అది ఉపరితలం మీద నీటికి ఎదురుగా నిలిచి ఉంది. హీమ్‌కు దూరం 11 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు (పరమాణువుల మధ్య దూరాలను కొలిచే ప్రమాణం ఆంగ్‌స్ట్రామ్). గొలుసులో దాని పక్కనున్న ల్యూసీన్ హీమ్ వైపు వంగి ఉంది. హీమ్ ఆకలిగొన్నప్పుడు ఈ ట్రిప్టోఫాన్ తన ఎలక్ట్రాన్‌ను హీమ్‌కు పంపి తానే రాడికల్‌గా మారుతుంది. ఇప్పుడు ఆ ఆకలి ఉపరితలానికి వచ్చేసింది. లిగ్నిన్ ఎంత పెద్దదైనా, ఎంత వంకరగా ఉన్నా, దాని వలయాల్లో ఏదో ఒకటి ఈ ట్రిప్టోఫాన్‌ను తాకితే చాలు. హీమ్ కదలలేదు, లిగ్నిన్ లోపలికి రాలేదు. ఎలక్ట్రాన్ ఒక్కటే ప్రయాణం చేసింది.

దూరం ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ప్రోటీన్లలో ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి మరోచోటికి దూకే తీరును క్రిస్టొఫర్ మోజర్, లెస్లీ డటన్ తదితరులు 1999లో తెలిసిన నిర్మాణాలన్నీ పోల్చి చూశారు. ఉపయోగపడే దూకుళ్లు 14 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే ఉన్నాయని తేలింది. అంతకు మించితే వేగం దారుణంగా పడిపోతుంది. 164వ ట్రిప్టోఫాన్ ఆ హద్దుకు లోపలే ఉంది, ఉపరితలాన్నీ అందుకుంది. హీమ్ అంతకన్నా లోతులో ఉండుంటే ఈ దారి పనికొచ్చేది కాదు. బయటికి ఇంకా జరిగుంటే ప్రోటీన్‌కు రక్షణ ఉండేది కాదు.

చిత్రంలో చూసి ఊహించడం ఒకటి, రుజువు చేయడం మరొకటి. 2005లో మార్తా పెరెస్-బొయాదా తదితరులు స్ఫటిక నిర్మాణంతో పాటు ఆ రుజువునూ అందించారు. నిర్మాణాన్ని బట్టి ఎలక్ట్రాన్‌కు ఒకటికి మించి మార్గాలు కనిపించాయి. 164 దగ్గరి ట్రిప్టోఫాన్‌లాగే 232లోని హిస్టిడీన్ కూడా ఉపరితలం మీదే ఉంది, హీమ్‌కు అంతే చేరువలో ఉంది. ఈ ఎంజైమ్‌కు సోదరుడైన మరో రూపంలో ఇంకోచోట మరో హిస్టిడీన్ కూడా అనుమానితుల్లో చేరింది. కంటితో చూసి వీటిలో ఏది అసలైందో తేల్చడం కష్టం. ఒక్కో అవశేషాన్నీ మార్చి చూశారు. 232వ హిస్టిడీన్‌ను తీసేస్తే తేడా రాలేదు. ట్రిప్టోఫాన్ స్థానంలో సెరీన్ పెడితే వెరాట్రైల్ ఆల్కహాల్ మీద, రియాక్టివ్ బ్లాక్ 5 మీద పని పూర్తిగా ఆగిపోయింది. మాంగనీస్ పని మాత్రం సాగుతూనే ఉంది. అటువైపు మాంగనీస్ గూటిలోని ఆమ్లాలను తీసేసినప్పుడు మాంగనీస్ పని కుప్పకూలింది, ట్రిప్టోఫాన్ పని నిలిచింది. పైగా ట్రిప్టోఫాన్ రాడికల్‌ను శీతల ఉష్ణోగ్రతల్లో వర్ణపట పద్ధతితో నేరుగా చూడగలిగారు. ఒక దారి మూస్తే మరోదారికి ఏమీ కాకపోవడం, ఇవి నిజంగా వేర్వేరు దారులే అనడానికి ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం నాకు తెలియదు.

ఇందాకటి రెండు వేగాల సంగతిలో వేగవంతమైన చోటు కూడా ఈ ట్రిప్టోఫానే.

ఇంకొక అనుమానం మిగిలింది. వెరాట్రైల్ ఆల్కహాల్, అద్దకపు రంగు కేవలం నమూనాలు. అసలు లిగ్నిన్ కూడా ఈ ట్రిప్టోఫాన్‌కే ఎలక్ట్రాన్ ఇస్తోందా? లిగ్నిన్ నీటిలో కరగదు కాబట్టి ఏళ్ల తరబడి ఇది పరీక్షకు అందలేదు. 2015లో వెరోనికా సాయెస్-హిమేనెస్ తదితరులు కాగితపు పరిశ్రమలో దొరికే, నీటిలో కరిగే లిగ్నోసల్ఫొనేట్లను తీసుకుని ఎలక్ట్రాన్ బదిలీ వేగాలను కొలిచారు. ట్రిప్టోఫాన్ ఉన్న ఎంజైమ్‌కూ లేనిదానికీ తేడా స్పష్టంగా కనిపించింది. లిగ్నిన్‌లోని ఫినాల్ సమూహాలను మిథైల్ సమూహాలతో కప్పేసి, గట్టి భాగాలే మిగిల్చి చూసినప్పుడు తేడా మరీ పెరిగింది. ఫినాళ్లు ఇతర చోట్ల నుంచీ కొంత ఎలక్ట్రాన్లు ఇవ్వగలవు. ఫినాల్ కాని లిగ్నిన్‌కు ఈ ఒక్క ట్రిప్టోఫానే ఆధారం.

ఈ లెక్కంతా చూశాక మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. మూడు చోట్లలో ప్రతిదీ తన వరకు కచ్చితమైనదే. మాంగనీస్ గూడు మాంగనీస్‌ను తప్ప మరోదాన్ని సరిగా పట్టుకోదు. సొరంగం నోరు చిన్నవాటికే. ట్రిప్టోఫాన్ ఒక్కటే ఆకారాన్ని అడగదు, దానికి కావలసింది స్పర్శ. ఫిషర్ చెప్పిన కచ్చితత్వం పోలేదు. అది హీమ్‌ను వదిలి మూడు చోట్లకు పంపిణీ అయింది.

ఇంత బలానికి మూల్యం ఉంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువైతే ఎలక్ట్రాన్ ఇచ్చే పదార్థం దొరక్క, ఎంజైమ్ తన మెథియొనీన్లనూ తన హీమ్‌నూ పాడుచేసుకుంటుంది. ప్రయోగశాలలో హీమ్ పరిసరాల్లోని మెథియొనీన్లను మార్చి దీన్ని కొంత తగ్గించారు. పుట్టగొడుగు మాత్రం వేరే మార్గంలో జాగ్రత్తపడింది. పెరాక్సైడ్‌ను ఒకేసారి పోయకుండా ఆరైల్ ఆల్కహాల్ ఆక్సిడేజ్ అనే మరో ఎంజైమ్ చేత కొద్దికొద్దిగా తయారు చేయిస్తుంది. అది వాడుకునే పదార్థం అనిసాల్డిహైడ్ కుటుంబానికి చెందినది. సోంపును తలపించే వాసన ఉన్న అణువు. దాన్ని బూజు తిరిగి తిరిగి వాడుకుంటుంది. ఆమ్లత్వం విషయంలోనూ రెండు దారులకు రెండు ఇష్టాలున్నాయి. మాంగనీస్ పని పీహెచ్ 5 దగ్గర బాగా సాగుతుంది, ట్రిప్టోఫాన్ పని 3 దగ్గర. 3 దగ్గర ఎంజైమ్ ఎక్కువసేపు నిలవదు. పరిశ్రమలో దీన్ని వాడాలనుకునేవారికి ఇదొక పెద్ద అడ్డంకి. మాడ్రిడ్ బృందం ప్లూరోటస్ ఆస్ట్రియేటస్‌లోని ఒక దృఢమైన మాంగనీస్ పెరాక్సిడేజ్‌ను పక్కన పెట్టుకుని, దానిలోని బిగింపులను ఇందులోకి తెచ్చి నిలకడ పెంచింది.

చివరగా చరిత్ర. 2012లో 31 బూజుల జన్యువులను పోల్చిన అధ్యయనం ఈ లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ల కుటుంబం పుట్టుకను దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందికి, బొగ్గు పొరలు పేరుకుంటున్న కార్బనిఫెరస్ యుగపు చివరికి చేర్చింది. ఆ తర్వాత బొగ్గు పేరుకోవడం తగ్గిపోవడానికి ఈ ఎంజైమ్‌లే కారణమా అన్నదాని మీద భూగర్భ శాస్త్రజ్ఞుల్లో వాదం ఉంది. నాకు అంతకన్నా ఆసక్తి కలిగించింది ఈ కుటుంబంలో దారులు తెరుచుకున్న వరస. 2018లో ఇవాన్ ఆయుసో-ఫెర్నాండెస్, రూయిస్-డుయెన్యాస్, మార్తీనెస్ ఇప్పటి ఎంజైమ్‌ల నుంచి వెనక్కి లెక్కకట్టి, అంతరించిన పూర్వీకుల ప్రోటీన్లను ప్రయోగశాలలో తిరిగి తయారు చేశారు. అతి పాతవాటిలో మాంగనీస్ గూడు ఒక్కటే ఉంది. ఉపరితలపు ట్రిప్టోఫాన్ తర్వాత చేరింది. లిగ్నిన్ పెరాక్సిడేజ్ శాఖలో ట్రిప్టోఫాన్ వచ్చాక మాంగనీస్ గూడు పోయింది. ఎరింజీ ఎంజైమ్ రెండూ నిలుపుకుంది. పాలిపోరేల్స్ అనే చెట్టుబూజుల వర్గంలో ఒకదానికొకటి దూరమైన రెండు శాఖలు విడివిడిగా ఈ ట్రిప్టోఫాన్ దగ్గరికే చేరుకున్నాయని కూడా వాళ్లు చూపారు.

అదే పనికి వేరే పనిముట్టు దొరికిన సందర్భమూ ఒకటుంది. ట్రమెటాప్సిస్ సెర్వైనా అనే బూజు పెరాక్సిడేజ్‌లో ఆ చోట ట్రిప్టోఫాన్ లేదు. ఉపరితలం మీద వేరొకచోట, 181వ స్థానంలో టైరొసీన్ ఉంది. అది మొదట వెరాట్రైల్ ఆల్కహాల్‌తో శాశ్వతంగా బంధం ఏర్పరచుకుంటుంది. ఆ తర్వాతే పూర్తి వేగంతో పనిచేయడం మొదలుపెడుతుంది. ఫనెరోకీటీ లిగ్నిన్ పెరాక్సిడేజ్‌లోని ట్రిప్టోఫాన్ తన పక్క కార్బన్ మీద ఒక ఆక్సిజన్‌ను తగిలించుకుని ఉంటుంది. ఎరింజీ ట్రిప్టోఫాన్ మాత్రం ఏ మార్పూ లేకుండా ఉన్నదున్నట్టుగానే ఆ పనంతా చేస్తోంది.